ప్లాట్లు వాళ్లవి... పైపులైన్ ఖర్చు ఎవరిది?

వెంచర్ల నుంచి వసూలు చేసే ఫీజుకూ, మీ ఇంటి నల్లాకూ, రేపటి మీ ఉద్యోగానికీ లింకు ఉంది. నిజామాబాద్, బోధన్ లెక్కలతో అదేంటో చూద్దాం.

‘40 ఫీట్ల రోడ్లు, అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ, ఓవర్‌హెడ్ ట్యాంక్, క్లియర్ టైటిల్, స్పాట్ రిజిస్ట్రేషన్.’ ఇలాంటి వాట్సాప్ మెసేజ్ మీ ఇంట్లో ఎవరో ఒకరి ఫోన్‌లో కచ్చితంగా ఉంటుంది. నిజామాబాద్ చుట్టూ ఆర్మూర్ రోడ్డు, బోధన్ రోడ్డు, వర్ని రోడ్డు... ఎటు వెళ్లినా పొలాల మధ్య రంగురంగుల హద్దురాళ్లు కనిపిస్తూనే ఉంటాయి. ఒక్కసారి ఆ బ్రోచర్‌ని ఇంజనీర్ కళ్లతో చదవండి. ఓవర్‌హెడ్ ట్యాంక్ కడతామన్నారు, బాగానే ఉంది. మరి ఆ ట్యాంకులోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? ఎవరు తెస్తారు? ఎవరి డబ్బుతో?

ఈ మూడు ప్రశ్నలూ పట్టణ ఆర్థిక వ్యవస్థలో పెద్ద సబ్జెక్టు. కాలేజీలో దీన్ని పెద్దగా చెప్పరు. నేను ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్లలో పైపు వ్యాసం లెక్కగట్టడం నేర్పారు గానీ, ఆ పైపు డబ్బు ఎవరి జేబులోంచి వస్తుందో ఒక్క క్లాసులోనూ చెప్పలేదు. సివిల్ వాళ్లకే కాదు, డిగ్రీ, కామర్స్, కంప్యూటర్స్ చదివేవాళ్లకూ ఈ సంగతి తెలిస్తే లాభమే. ఎందుకో చివర్లో చెప్తాను.

ముందు నీళ్లు, తర్వాత ఊరు

మన జిల్లా చరిత్రలోనే ఒక మంచి పాఠం ఉంది. మంజీరా నది మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఇంజనీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. అప్పటి ఆయకట్టు లక్ష్యం 2.75 లక్షల ఎకరాలు. ఆ నీళ్లు వచ్చాకే ఇక్కడ చెరకు విస్తరించింది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. దాని చుట్టూ శక్కర్‌నగర్ పెరిగింది. ఎడపల్లి, రెంజల్, కోటగిరి, వర్ని దాకా చెరకు బండ్ల మీదే ఊళ్లు బతికాయి. వరుస గమనించారా? ముందు కాలువ, తర్వాత పంట, ఆ తర్వాత ఫ్యాక్టరీ, చివరికి పట్టణం.

ఇప్పుడు వరుస తిరగబడింది. ముందు ప్లాటు, తర్వాత ఇల్లు, ఆ తర్వాత బోరు, అది ఎండితే ట్యాంకర్, చివరికి ఎప్పుడో మున్సిపల్ పైపు.

నిజామాబాద్ టౌన్‌కి దశాబ్దాలుగా అలీసాగర్, రఘునాథ చెరువు తాగునీరు ఇచ్చాయి. బోధన్‌కి బెల్లాల్ చెరువు. తర్వాత 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథతో గోదావరి నీళ్లూ తోడయ్యాయి. ఆ పథకం లక్ష్యం మనిషికి రోజుకి గ్రామాల్లో 100 లీటర్లు, మున్సిపాలిటీల్లో 135, కార్పొరేషన్లలో 150. కేంద్రం అమృత్ పథకం 2015లో పెట్టింది. మొదటి విడత జాబితాలోనే నిజామాబాద్ ఉంది. 2021లో మొదలైన అమృత్ 2.0 చిన్న మున్సిపాలిటీలకూ వర్తిస్తుంది. అంటే పెద్ద పైపుల డబ్బు ఎక్కువగా రాష్ట్రం నుంచో, కేంద్రం నుంచో, అప్పుల నుంచో వచ్చింది.

కానీ ఊరు ఆగదు కదా! 2011 జనాభా లెక్కల్లో నిజామాబాద్‌లో సుమారు 3.11 లక్షల మంది ఉన్నారు. ఆ తర్వాత చుట్టుపక్కల గ్రామాలు కార్పొరేషన్‌లో కలిశాయి. 50 డివిజన్లు 2020 ఎన్నికల నాటికి 60 అయ్యాయి. పథకం డిజైన్ చేసిన రోజు మ్యాప్‌లో లేని కాలనీలు ఇప్పుడు నల్లా అడుగుతున్నాయి. అడగడంలో తప్పేమీ లేదు. వాటికయ్యే ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నదే తేలాలి.

పదెకరాల వెంచర్... రోజుకి 20 ట్యాంకర్లు

పెన్ను తీయండి, ఒక చిన్న లెక్క వేద్దాం. పదెకరాల వెంచర్ అనుకుందాం. ఎకరానికి 4,840 గజాలు, మొత్తం 48,400 గజాలు. రోడ్లు, పార్కు, ఇతర అవసరాలు పోగా సుమారు 55 శాతం అమ్మకానికి మిగిలిందనుకుంటే 26,600 గజాల చిల్లర. 200 గజాల ప్లాట్లు చేస్తే దాదాపు 130 ఇళ్లు. ఇంటికి ఐదుగురు చొప్పున 650 మంది. కార్పొరేషన్ లెక్క ప్రకారం ఒక్కొక్కరికి 150 లీటర్లు ఇస్తే రోజుకి 97,500 లీటర్లు.

అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు దాదాపు 20. ఒక్క వెంచర్‌కి, ఒక్క రోజుకి! పైపుల్లో లీకేజీ 15 శాతం దాటకూడదని కేంద్ర మాన్యువల్ చెబుతుంది. ఆ మేరకు కలిపినా ఫిల్టర్ బెడ్ దగ్గర రోజుకి సుమారు 1.15 లక్షల లీటర్లు అదనంగా శుద్ధి చేయాలి. ఇలాంటి వెంచర్లు పది వస్తే? పాత ఫిల్టర్ బెడ్, పాత మెయిన్ పైపు చాలవు. కొత్తవి కట్టాల్సిందే. కట్టకపోతే ఏమవుతుందో మనకు తెలుసు: ఉన్న నీళ్లే అందరికీ పంచుతారు. రోజూ వచ్చే నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. పాత బస్తీలో 30 ఏళ్లుగా ఇంటిపన్ను కడుతున్న వాళ్లకు ప్రెషర్ తగ్గుతుంది. వెంచర్ లాభం ఒకరిది, నీటి కొరత ఊరందరిదీ అయిపోతుంది.

అందుకే ప్రపంచంలో చాలా నగరాలు ఒక సూత్రం పాటిస్తాయి. ఊరు పెరగడం వల్ల అయ్యే అదనపు ఖర్చులో వాటాను, ఆ పెరుగుదల నుంచి లాభపడేవాళ్ల దగ్గరే ముందుగా తీసుకోవాలి. దీన్నే ఇంపాక్ట్ ఫీజు, డెవలప్‌మెంట్ చార్జీ, బెటర్‌మెంట్ చార్జీ అని రకరకాల పేర్లతో పిలుస్తారు.

ఇప్పటికే కడుతున్నారుగా?

కడుతున్నారు. కానీ ఏది దేనికి కడుతున్నారో విడివిడిగా చూడాలి.

నాలా ఫీజు: వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చినందుకు. ఇందులో నీటి పైపు లేదు.

లేఅవుట్ లోపలి పనులు: అనుమతి తీసుకున్న లేఅవుట్‌లో రోడ్లు, డ్రైన్లు, లోపలి నీటి లైన్లు, కరెంటు స్తంభాలు డెవలపరే వేయాలి. వేస్తాడన్న గ్యారంటీ కోసం 15 శాతం ప్లాట్లను మార్ట్‌గేజ్ చేయించుకుంటారు. పనులు పూర్తయ్యాకే వాటిని విడుదల చేస్తారు. ఇది మంచి ఏర్పాటే. కానీ ఇది వెంచర్ గేటు దగ్గర ఆగిపోతుంది.

డెవలప్‌మెంట్, బెటర్‌మెంట్ చార్జీలు: గేటు బయటి సౌకర్యాల కోసం ఉద్దేశించినవి ఇవే. పట్టణాభివృద్ధి సంస్థలు డెవలప్‌మెంట్ చార్జీలు తీసుకునే అధికారం 1975 నాటి అర్బన్ ఏరియాస్ డెవలప్‌మెంట్ చట్టం నుంచి వచ్చింది. మన దగ్గర ఆ సంస్థ నుడా. అయితే రోడ్డు, డ్రైనేజీ, లైటు, నీళ్లు... అన్నీ ఒకే గంపలో పడతాయి. అందులో నీటి వాటా ఎంతో మామూలు మనిషికి తెలియదు.

సిటీ లెవెల్ ఇంపాక్ట్ ఫీజు: 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168 బిల్డింగ్ రూల్స్‌లో ఇది ఉంది. 15 మీటర్ల ఎత్తు దాటిన భవనాలకు వర్తిస్తుంది. వసూలైన డబ్బును విడిగా ఎస్క్రో ఖాతాలో ఉంచి మౌలిక సదుపాయాలకే వాడాలని ఆ రూల్స్ చెబుతాయి. ఆలోచన సరిగ్గా మనకు కావాల్సిందే. కానీ నిజామాబాద్, బోధన్‌లలో పెరుగుదల ఆకాశంలోకి కాదు, అడ్డంగా పొలాల్లోకి జరుగుతోంది. టవర్లు తక్కువ, ప్లాట్లు ఎక్కువ. ఎత్తును బట్టి వేసే ఫీజు ఇలాంటి ఊళ్లలో పెద్దగా పనికిరాదు.

ఎల్ఆర్ఎస్ చెప్పిన చేదు నిజం

డెవలపర్ దగ్గర ముందే తీసుకోకపోతే ఏమవుతుంది? జవాబు మన కళ్లముందే ఉంది. దాని పేరు ఎల్ఆర్ఎస్.

అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్లు అమ్మేసి డెవలపర్ వెళ్లిపోయాడు. మిగిలింది కొనుక్కున్నవాళ్లు. 2020 ఆగస్టు 31న ప్రభుత్వం జీవో 131తో క్రమబద్ధీకరణ పథకం తెచ్చింది. ఆగస్టు 26 కట్ ఆఫ్ తేదీ. ప్లాటుకి దరఖాస్తు ఫీజు రూ. 1,000. రాష్ట్రమంతటా 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. వాటిలో చాలావరకు ఏళ్ల తరబడి పెండింగ్‌లో ఉండిపోయాయి. 2025లో 25 శాతం రాయితీ ఇచ్చి, గడువు పొడిగిస్తూ వసూళ్లను మళ్లీ కదిలించారు.

ఇందులో రెండు రకాల చార్జీలుంటాయి. ఒకటి క్రమబద్ధీకరణ చార్జీ. రెండోది, లేఅవుట్‌లో పార్కు స్థలం వదలనందుకు ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీ. రిజిస్ట్రేషన్ నాటి విలువ రూ. 4 లక్షలు అనుకుంటే, ఈ 14 శాతమే రూ. 56,000. క్రమబద్ధీకరణ చార్జీ దానికి అదనం.

ఎవరు కట్టారో గమనించండి. పార్కు స్థలాన్ని కూడా ప్లాట్లుగా కోసి అమ్ముకున్నవాడు కట్టలేదు. ఈఎంఐలో, చిట్టీ పాడిన డబ్బుతోనో కొనుక్కున్న ఉద్యోగి, చిరు వ్యాపారి, గల్ఫ్ నుంచి డబ్బు పంపిన అన్న కట్టారు. నిజామాబాద్ జిల్లాలో గల్ఫ్ డబ్బు ఎన్ని ప్లాట్లుగా మారిందో మీకు వేరే చెప్పాలా? పైగా ఆ రూ. 56,000 పార్కు లేనందుకు కట్టింది. మున్సిపల్ పైపు దానంతట అది ఇంటి ముందుకి రాదు. వసూలైన సొమ్మును ప్రత్యేక ఖాతాలో పెట్టి సౌకర్యాలకే వాడాలని నిబంధనల్లో ఉంది. కాబట్టి మీ ఏరియాలో ఎంత వసూలైంది, ఎంత తిరిగి ఖర్చయింది అని అడిగే హక్కు ప్రతి ప్లాటు ఓనర్‌కీ ఉంది.

సారాంశం ఇది: ఎవరో ఒకరు ఈ ఖర్చు కట్టక తప్పదు. ముందు కడితే డెవలపర్ కడతాడు, పైపు ఇంటికన్నా ముందే వస్తుంది. ఆలస్యమైతే కొనుక్కున్నవాడు కడతాడు, పైపు ఎప్పుడొస్తుందో తెలియదు.

ఫీజుకీ పన్నుకీ తేడా

పోటీ పరీక్షలు రాసేవాళ్లు ఈ భాగం నోట్ చేసుకోండి. చట్టం అనుమతి లేకుండా పన్ను వేయకూడదని రాజ్యాంగంలోని 265వ ఆర్టికల్ చెబుతుంది. పన్నుకీ ఫీజుకీ తేడాను సుప్రీంకోర్టు 1954లో శిరూర్ మఠం కేసులో వివరించింది. పన్ను అందరి కోసం వాడే డబ్బు. ఫీజు మాత్రం ఒక ప్రత్యేక సేవకు బదులుగా తీసుకునేది. తర్వాతి తీర్పులు ఈ లెక్క రూపాయికి రూపాయి సరిపోవాల్సిన పనిలేదని కొంత సడలించినా, తీసుకున్న ఫీజుకీ ఇచ్చే సేవకీ సంబంధం ఉండాలన్న మూలసూత్రం నిలిచింది. 74వ రాజ్యాంగ సవరణ తెచ్చిన 12వ షెడ్యూల్‌లోని 18 అంశాల్లో నీటి సరఫరా ఒకటి. అంటే సేవ చేయాల్సిందీ, దానికి డబ్బు వెతుక్కోవాల్సిందీ మున్సిపాలిటీయే.

అమెరికాలోనూ ఇదే గొడవ నడిచింది. కాలిఫోర్నియాలోని ఎల్ డొరాడో కౌంటీలో ఒకాయన చిన్న రెడీమేడ్ ఇల్లు పెట్టుకుంటానంటే ట్రాఫిక్ ఇంపాక్ట్ ఫీజు కింద 23,420 డాలర్లు కట్టమన్నారు. ఆయన కోర్టుకెళ్లారు. 2024 ఏప్రిల్‌లో అక్కడి సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది: చట్టసభ పెట్టిన ఫీజైనా సరే, ఆ నిర్మాణం వల్ల పడే భారానికీ ఫీజుకీ సంబంధం ఉందా అన్న పరీక్షకు నిలబడాల్సిందే. అదే కాలిఫోర్నియాలో 1987 నాటి చట్టం ఇంకోమాట కూడా చెబుతుంది. ఫీజు వసూలు చేసి ఖర్చుపెట్టకుండా ఉంచితే, ఆ డబ్బు ఇంకా ఎందుకు అవసరమో ఐదేళ్లకోసారి లెక్క చెప్పాలి. చెప్పలేకపోతే తిరిగి ఇచ్చేయాలి.

మన దేశంలోనే తమిళనాడు 2007లో చట్టం సవరించి ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ అండ్ అమెనిటీస్ చార్జీలు తెచ్చింది. 2017లో కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ కూడా వాల్యూ క్యాప్చర్ ఫైనాన్స్ పేరుతో ఒక విధానం ప్రకటించింది. ప్రభుత్వ పెట్టుబడి వల్ల భూమి విలువ పెరిగితే ఆ పెరుగుదలలో కొంత భాగం తిరిగి ప్రజా పనులకు రావాలన్నది దాని సారం. బెటర్‌మెంట్ లెవీ, డెవలప్‌మెంట్ చార్జీ, ఖాళీ స్థలాల పన్ను... ఇవన్నీ ఆ జాబితాలో ఉన్నాయి.

గజానికి ఎంత పడుతుంది?

ఇప్పుడు అసలు లెక్క. ఇవి ఊహించిన అంకెలే, పద్ధతి మాత్రం నిజం. రోజుకి కోటి లీటర్ల అదనపు సామర్థ్యం కావాలి. ఫిల్టర్ బెడ్, మెయిన్ పైపు, ట్యాంకులు కలిపి రూ. 60 కోట్లు అవుతుందనుకుందాం. అంటే రోజువారీ లీటరుకి రూ. 60. ఒక ఇంటికి 750 లీటర్లు కాబట్టి రూ. 45,000. 200 గజాల ప్లాటుకి పంచితే గజానికి రూ. 225.

మన 130 ఇళ్ల వెంచర్ మొత్తం కట్టాల్సింది రూ. 58.5 లక్షలు. అమ్మకం ధర గజానికి రూ. 10,000 ఉంటే ఇది రెండుంపావు శాతం. ఏజెంటుకిచ్చే కమీషన్ పక్కన పెట్టి పోల్చి చూడండి, ఎక్కువనిపిస్తుందా?

అయితే ఇదే ఫీజు బోధన్‌లో వేరేగా కనిపిస్తుంది. అక్కడ గజం రూ. 5,000 అనుకుంటే అదే రూ. 225 నాలుగున్నర శాతం అవుతుంది. 2015 డిసెంబర్‌లో షుగర్ ఫ్యాక్టరీ మూతపడిన ఊరది. జీతాల డబ్బు తగ్గిన చోట, హైదరాబాద్‌లో వేసినట్టు ఫీజు వేస్తే వచ్చే ఒకటీ అరా వెంచర్ కూడా రాకపోవచ్చు. మరో సంగతి, చిన్న ఊళ్లో వెంచర్లు ఏటా ఒకేలా రావు. ఒక ఏడాది ఐదు, తర్వాతి ఏడాది సున్నా. అందుకే ఈ డబ్బు మీద రోజువారీ ఖర్చు నడపకూడదు. మోటార్ల కరెంటు బిల్లు, సిబ్బంది జీతాలు నల్లా బిల్లుల నుంచి, పన్నుల నుంచి రావాలి. డెవలపర్ ఫీజు కొత్త పైపు, కొత్త ట్యాంకు, కొత్త ఫిల్టర్ బెడ్ కోసమే. ఒకసారి వచ్చే డబ్బు ఒకసారి చేసే పనికి. మన ఇళ్లలోనూ అంతే కదా, పొలం అమ్మిన డబ్బుతో నెలవారీ సరుకులు తెచ్చుకోం.

డెవలపర్ మాట కూడా విందాం

‘ఫీజు వేస్తే మేం కొనేవాళ్ల మీదే వేస్తాం’ అన్నది మొదటి మాట. కొంత నిజమే. కానీ పూర్తిగా వేయగలరా? పక్క వెంచర్ ధర కూడా చూస్తాడు కస్టమర్. ఫీజు ఉంటుందని ముందే తెలిస్తే రైతు దగ్గర భూమి కొనేటప్పుడే డెవలపర్ ఆ లెక్క వేసుకుంటాడు. భారం ముగ్గురి మధ్యా పంచుకుంటుంది. అందులో రైతు వాటా కూడా ఉంటుందని మనం ఒప్పుకోవాలి. ఒకవేళ మొత్తం కొనేవాడి మీదే పడ్డా, ముందే తెలిసిన రూ. 45,000 కంటే, తర్వాత పడే బోరు ఖర్చు, ట్యాంకర్ ఖర్చు, ఎల్ఆర్ఎస్ ఖర్చు తక్కువేం కాదు.

‘మేం కడతాం, మరి పైపు ఎప్పుడొస్తుంది?’ అన్నది రెండో మాట. ఇది పూర్తిగా న్యాయమైన ప్రశ్న. డబ్బు తీసుకుని పైపు వేయకపోతే దాన్ని ఫీజు అనలేం. రెరా చట్టం కొనుగోలుదారుల డబ్బులో 70 శాతాన్ని విడి ఖాతాలో ఉంచి ఆ ప్రాజెక్టుకే వాడమని డెవలపర్‌కి చెబుతోంది. అదే క్రమశిక్షణ మున్సిపాలిటీకి ఎందుకుండకూడదు? విడి ఖాతా, ఏటా ప్రకటించే లెక్క, పైపు పూర్తయ్యే తేదీ. ఈ మూడూ ఉంటే ఫీజు కట్టడానికి నిజాయితీగా వ్యాపారం చేసే డెవలపర్‌కి పెద్దగా అభ్యంతరం ఉండదు. నీళ్లున్న ప్లాటు తొందరగా అమ్ముడవుతుందని అతనికే ఎక్కువ తెలుసు.

మూడోది అన్నిటికన్నా కష్టమైనది. అనుమతి తీసుకున్నవాడి మీద ఫీజు పెంచితే, అనుమతి లేకుండా ప్లాట్లు కోసేవాడికి లాభం పెరుగుతుంది. రూల్ పాటించినవాడు ఖరీదుగా, పాటించనివాడు చవకగా అమ్ముతాడు. కాబట్టి అక్రమ లేఅవుట్ల రిజిస్ట్రేషన్ గట్టిగా ఆపకుండా ఫీజు ఒక్కటే పెంచితే, కొన్నాళ్లకు ఇంకో ఎల్ఆర్ఎస్ పెట్టాల్సి వస్తుంది. మళ్లీ కట్టేది కొనుక్కున్నవాడే.

మరి ఇందులో మీకేంటి?

ఇప్పటిదాకా చదివారంటే మీకు చాలామందికి తెలియని సబ్జెక్టు ఒకటి తెలిసింది. దీన్ని ఉద్యోగంగా మార్చుకునే దారులు ఇవి.

సివిల్, ప్లానింగ్ వాళ్లకు: మున్సిపాలిటీల్లో టౌన్ ప్లానింగ్ బిల్డింగ్ ఓవర్‌సీర్ పోస్టులకు సివిల్ డిప్లొమా, బీటెక్ సివిల్, బీఆర్క్, ప్లానింగ్ డిగ్రీ వాళ్లు పోటీపడొచ్చు. 2022లో పబ్లిక్ సర్వీస్ కమిషన్ 175 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. పబ్లిక్ హెల్త్ విభాగంలో ఏఈ, ఏఈఈ పోస్టులు తాగునీటి పథకాలకు సంబంధించినవే. ప్లానింగ్ చదవాలనుకుంటే హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూ, విజయవాడ ఎస్‌పీఏ ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ కోసం లక్షలు పోయక్కర్లేదు. పైపుల్లో నీటి ప్రవాహం, ప్రెషర్ లెక్కగట్టే ఈపీఏనెట్, మ్యాపుల కోసం క్యూజీఐఎస్ రెండూ ఉచితం. మీ కాలనీ పైపులైన్‌ని ఈపీఏనెట్‌లో గీసి, 130 ఇళ్లు కలిపితే ప్రెషర్ ఎంత తగ్గుతుందో చూపించండి. ఫైనలియర్ ప్రాజెక్టుకి కొనుక్కొచ్చిన సీడీ కన్నా ఇది వంద రెట్లు నయం.

కంప్యూటర్స్, ఎలక్ట్రానిక్స్ వాళ్లకు: నీటి మీటర్లు, ట్యాంకు లెవెల్ సెన్సర్లు, లీకేజీ గుర్తింపు, ఆన్‌లైన్ అనుమతి వ్యవస్థలు... వీటన్నిటి వెనకా కోడ్ రాసేవాళ్లు, డేటా చూసేవాళ్లు కావాలి. ఏఐ ప్రాజెక్టు అని రెజ్యూమేలో రాసేవాళ్లు వేలల్లో ఉన్నారు. పట్టణ నీటి డేటా తెలిసినవాళ్లు అంతమంది లేరు.

కామర్స్ వాళ్లకు: ఎస్క్రో ఖాతా, రెరా ఖాతా, మున్సిపల్ బడ్జెట్, ఆడిట్. ఫీజు ఎంత వచ్చింది, ఏ పనికి వెళ్లిందని చెప్పగలిగేది మీరే. రెరా రిజిస్ట్రేషన్, త్రైమాసిక రిపోర్టులు చూసుకునే మనుషులు రియల్ ఎస్టేట్ కంపెనీలకు, వాటి ఆడిటర్లకూ అవసరం.

గ్రూప్స్ రాసేవాళ్లకు: పట్టణ స్థానిక సంస్థల ఆదాయ వనరులు అనే ప్రశ్న వస్తే అందరూ ఆస్తిపన్ను దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆపేస్తారు. మీరు శిరూర్ మఠం, 12వ షెడ్యూల్, వాల్యూ క్యాప్చర్, ఎల్ఆర్ఎస్ అనుభవం కలిపి రాస్తే పేపర్ దిద్దేవాళ్లు ఒక్క క్షణం ఆగి చదువుతారు.

ఈ నెలలో చేయగలిగిన నాలుగు పనులు

1. ఇంట్లో ఎవరైనా ప్లాటు కొంటున్నారా? లేఅవుట్ అనుమతి నంబర్, రెరా నంబర్ అడగండి. 500 చదరపు మీటర్లు దాటిన లేదా 8 యూనిట్లు మించిన ప్రాజెక్టుకి రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రెరా వెబ్‌సైట్‌లో మీరే చెక్ చేసుకోవచ్చు.

2. మీకు చూపిస్తున్న ప్లాటు మార్ట్‌గేజ్‌లో ఉన్న 15 శాతంలోది కాదు కదా? లేఅవుట్ ప్లాన్ తెప్పించుకుని నంబర్ సరిచూడండి.

3. ‘నీటి సౌకర్యం ఉంది’ అంటే బోరా, మున్సిపల్ లైనా అని సూటిగా అడగండి. మున్సిపల్ లైన్ అంటే దగ్గర్లోని మెయిన్ పైపు ఎన్ని మీటర్ల దూరంలో ఉందో అడగండి. జవాబులో తడబాటు కనిపిస్తే మీకు సగం విషయం అర్థమైనట్టే.

4. ఒక ఆర్టీఐ దరఖాస్తు పెట్టండి. మున్సిపాలిటీకి ఫీజు రూ. 10, జవాబుకి గడువు 30 రోజులు. రెండే ప్రశ్నలు చాలు: గత ఐదేళ్లలో లేఅవుట్లు, ఎల్ఆర్ఎస్, బెటర్‌మెంట్ చార్జీల కింద ఎంత వసూలైంది? అందులో నీటి పైపులైన్లకు ఏ వార్డులో ఎంత ఖర్చు చేశారు?

ఆ జవాబు రాగానే ఎక్సెల్‌లో వార్డుల వారీగా వేయండి. ఒక మ్యాప్ గీయండి. ఒక పేజీ రిపోర్టు రాయండి. దాన్ని మీ కార్పొరేటర్‌కీ, కౌన్సిలర్‌కీ ఇవ్వండి, ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు ఫైల్లోనూ పెట్టుకోండి. ‘మీ ఊరి సమస్య ఒకటి చెప్పి, దాని మీద మీరేం చేశారో చెప్పండి’ అని ఇంటర్వ్యూలో అడిగితే, నీళ్లు రావట్లేదని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. ఎందుకు రావట్లేదో అంకెలతో చూపించగలిగేది మాత్రం మీరొక్కరే అయి ఉండొచ్చు.